తానా సరస్సు: జమ్ము పడవలు, రాతి గంటలు



యెషయా గ్రంథం 18వ అధ్యాయం మొదటి రెండు వచనాలు తెరచి చూడండి. కూషు నదుల అవతల దేశం గురించి, నీళ్లమీద సాగే జమ్ము పడవల గురించి ప్రవక్త మాట్లాడుతున్నాడు. నేను ఆ మాట ఎన్నోసార్లు చదివి దాటిపోయాను. జమ్ము గడ్డితో కట్టిన పడవ మనిషిని మోస్తుందా అని ఎన్నడూ ఆలోచించలేదు. ఇథియోపియా దేశంలోని తానా సరస్సును గూర్చి చదివినప్పుడు ఆ సంగతి బోధపడింది. 2,700 ఏళ్ల క్రిందటి ప్రవక్త చెప్పినటువంటి పడవలోనే అక్కడి జాలరి నేటికీ వల వేస్తున్నాడు. దానిని వారు తంక్వా అంటారు. ఎండిన జమ్మును కట్టలుగా బిగించి, ముక్కు పైకెత్తి కడతారు. కొన్ని నెలలు వాడేసరికి నీరు పీల్చి బరువెక్కుతుంది. దానిని విడిచి మరొకటి కట్టుకుంటారు. నిర్గమకాండములో యోకెబెదు తన బిడ్డను ఉంచిన పెట్టె కూడా జమ్ముదేనని మరువకండి.

తానా ఇథియోపియాలోకెల్లా పెద్ద సరస్సు. వైశాల్యం 3,000 చదరపు కిలోమీటర్లకు పైనే. మన ప్రభువు నడిచిన గలిలయ సముద్రం వంటివి ఇందులో పదిహేనుకు పైగా పడతాయి. దాని ఒడ్డునున్న పట్టణం పేరు బహిర్ దార్, అనగా సముద్రతీరం. గలిలయవారివలెనే వీరికీ తమ సరస్సు సముద్రమే! సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున, అంటే మన అరకులోయకు దాదాపు రెట్టింపు ఎత్తున ఇంత నీరు నిలిచింది. లోతు మాత్రం తక్కువే, ఎక్కువ లోతున్న చోట కూడా 15 మీటర్లే. రైతు బోదెకు మట్టి అడ్డువేసినట్లు, పూర్వం అగ్నిపర్వతాల లావా ప్రవహించి గడ్డకట్టి లోయకు అడ్డుపడగా ఈ సరస్సు ఏర్పడింది.

ఇక్కడినుండే బ్లూ నైలు బయలుదేరుతుంది. అక్కడివారు దానిని అబ్బాయ్ అంటారు. దాదాపు 30 కిలోమీటర్లు దిగువన అది తిస్ ఇసాత్ అనే జలపాతమై దూకుతుంది. తరువాత కొండలోయల గుండా సూడాను చేరి, ఖర్టూము దగ్గర తెల్ల నైలుతో కలుస్తుంది. ఐగుప్తుకు చేరే నైలు నీటిలో సగానికి పైగా ఈ బ్లూ నైలుదే. అయితే అందులో తానా వాటా కొంతే. మిగిలినదంతా దారిలో ఉపనదులు తెచ్చి కలిపినదే. ఐగుప్తు పొలాలను వేల ఏళ్లు పండించిన ఒండ్రుమట్టి కూడా ముఖ్యంగా ఈ ఎత్తైన దేశపు నేలలు కోసుకొచ్చినదే. యోసేపు కొట్లలో నింపిన ధాన్యం వెనుక ఈ దేశపు వానలున్నాయి.

సరస్సులో కలిసే చిన్న అబ్బాయ్ నది గిష్ అనే ఊటలో పుడుతుంది. అక్కడి క్రైస్తవులు ఆ ఊటను పవిత్రంగా ఎంచుతారు. ఆదికాండము 2:13లో కూషు దేశమును చుట్టి పారిన గీహోను ఇదేనని వారి నమ్మకం. ఆదికాండము గీహోనును హిద్దెకెలు, యూఫ్రటీసులతో కలిపి చెబుతున్నది గనుక నేను అంత నిశ్చయంగా చెప్పలేను. స్పెయిను దేశపు జెస్యూట్ పేద్రో పాయెజ్ 1618లోను, స్కాట్లాండువాడైన జేమ్స్ బ్రూస్ 1770లోను ఈ ఊటను చూశారు. దానిని కనుగొన్న కీర్తి బ్రూస్ తనదే అన్నాడు. ఊట పక్కన పశువులు కాసుకునే పిల్లలకు మాత్రం అది ముందునుండే తెలుసు!

సరస్సులో 37 దీవులున్నాయి. వాటిలో చాలావాటిమీద మఠాలు, దేవాలయాలు ఉన్నాయి. అనేక మఠాలు 14వ శతాబ్దంలో స్థిరపడినవి. ఇథియోపియాకు సువార్త అంతకు వెయ్యేళ్ల ముందే, 4వ శతాబ్దంలో తూరువాడైన ఫ్రుమెంతియు ద్వారా, ఎజానా రాజు దినాల్లో బలంగా నాటుకున్నది. (అపొస్తలుల కార్యములు 8లోని నపుంసకుడు సేవించిన కందాకే మాత్రం నేటి సూడానులోని మెరోయే రాణి. బోధించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.) దాగా ఎస్తిఫానోస్ దీవిలో పూర్వపు చక్రవర్తుల దేహాలను భద్రపరచారు. ఆ దీవికి స్త్రీలు వెళ్లరాదు. ఈ నియమం మన స్త్రీల సమాజంవారు మెచ్చరని నాకు తెలుసు.

దేవాలయాలు గుండ్రంగా, ఒకదానిలో ఒకటి మూడు వలయాలుగా ఉంటాయి. ఆరాధనకు పిలువ రాతి పలకలను వేలాడదీసి రాతితో కొడతారు, అవే గంటలు. జెగే ద్వీపకల్పంలోని ఉరా కిదానె మెహ్రెత్ దేవాలయపు లోగోడలనిండా బైబిలు కథల బొమ్మలే. చదువురాని రైతుకు అవే వేదపాఠం. సండేస్కూలులో ఫ్లానెల్ బొమ్మలు అంటించి చెప్పే మనకు ఇది కొత్త కాదు.

తానా కిర్కోస్ దీవివారు మరొక మాట చెబుతారు. నిబంధన మందసము ఆక్సుము పట్టణానికి పోకముందు 800 ఏళ్లు తమ దీవిలోనే ఉన్నదట. బైబిలులో ఇందుకు ఆధారం లేదు. ఇక మందసమును తలంచని కాలము వస్తుందని యిర్మీయా 3:16లో ప్రభువే సెలవిచ్చాడు. ఆ దీవివారిని చూచి నవ్వడం మన పని కాదు. అయినా నా విశ్వాసం ఆ పెట్టెమీద నిలువదు.

వారు నిజంగా కాపాడినది గ్రంథాలను. 1529 మొదలు 1543 వరకు అహ్మద్ గ్రాన్ యుద్ధాల్లో దేశమంతటా దేవాలయాలు కాలిపోతుంటే, తోలు గ్రంథాలను, ఆరాధన వస్తువులను ఈ దీవులకు చేర్చి దాచారు. యూదా పత్రిక 14వ వచనంలో పేర్కొన్న హనోకు పేరుమీదున్న గ్రంథం పూర్తిగా నిలిచినది ఇథియోపియావారి గీజ్ భాషలోనే. మన పరిశుద్ధ గ్రంథములో అది చేరలేదు. పండితులు మాత్రం దానిని శ్రద్ధగా చదువుతారు.

గీజ్ సామాన్యులకు అర్థం కాని భాష. అబూ రూమీ అనే ఇథియోపియా పెద్దాయన కైరోలో కూర్చుని, దాదాపు పదేళ్లు కష్టించి బైబిలంతటినీ అమ్హారిక్ భాషలోకి మార్చాడు. ఆ వ్రాతప్రతిని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ కొని, 1840 నాటికి పూర్తి బైబిలును అచ్చువేసింది. మన తెలుగు పూర్తి బైబిలుకంటే ఇది ముందే.

మన రైతు సోదరులకు ఒక మాట. మన అరకులో పసుపుపచ్చగా పూసే వలిసెలకు, కాఫీకి పుట్టిల్లు ఇథియోపియాయే. మన చోళ్లు, అనగా రాగులు, కూడా తూర్పు ఆఫ్రికా కొండలనుండి వచ్చినవే. జెగేలో కాఫీ అడవి నీడలోనే పెరుగుతుంది. బెత్రె మర్యం అనే సన్యాసి అక్కడ నాగలి పెట్టవద్దని, పశువులను మేపవద్దని కట్టడి చేశాడని, ఆయన కర్రనుండే కాఫీ చిగిర్చిందని చెబుతారు. అహరోను కర్ర గుర్తుకు వస్తుంది కదూ! కథ మాట ఎలాగున్నా, ఆ కట్టడివల్ల అడవి మిగిలింది.

సరస్సుకు మాత్రం కష్టకాలం వచ్చింది. మన కాలువల్లో చూసే గుర్రపుడెక్క 2011లో అక్కడ కనిపించింది. నీటిమీద పచ్చని చాపలా పరచుకుని పడవలకు, వలలకు అడ్డుపడింది. గ్రామస్థులు నడుములోతు నీళ్లలో దిగి చేతులతో పీకినా, కొద్దివారాల్లోనే మళ్లీ రెట్టింపవుతుంది. సరస్సులో మరెక్కడా లేని చేపలు ఇంచుమించు 15 రకాలున్నాయి. మన బొచ్చె, రాగండి కుటుంబానివే. వానాకాలంలో గుడ్లకు నదుల్లోకి ఎదురెక్కే వేళ వాటిని నదీముఖాల్లోనే పట్టివేయడంతో తరిగిపోయాయి. జమ్ము కూడా తగ్గింది. 2015లో యునెస్కో ఈ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. 2023లో ఆ అమ్హారా ప్రాంతంలోనే సైన్యానికి, స్థానిక సాయుధులకు పోరాటం మొదలైంది. కుటుంబ ప్రార్థనల్లో ఆ ప్రజలను జ్ఞాపకం చేసుకోండి.

ఆ ప్రాంతంలో అడవులు చాలావరకు పొలాలైపోయాయి. విమానంనుండి చూస్తే గోధుమరంగు నేలమీద అక్కడక్కడ పచ్చని చుక్కలు కనిపిస్తాయట. ప్రతి చుక్క మధ్య ఒక దేవాలయం ఉంటుంది. దేవాలయం చుట్టూ ఉన్న చెట్టును నరకకూడదన్న భయం వాటిని నిలిపింది. పశువులు చొరబడకుండా కొన్నిచోట్ల రైతులు పొలాల్లోని రాళ్లు ఏరి గోడలు కట్టారు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. మా కొత్త మందిరం కట్టినప్పుడు ఆవరణలో మూడు వేపచెట్లు, ఒక చింతచెట్టు ఉండేవి. రోడ్డుమీదికి మందిరం కనబడాలని, బండ్లు నిలపడానికి చోటుండాలని, దగ్గర నిలబడి నేనే కొట్టించాను. పెద్దలెవరూ కాదనలేదు. ఆరాధన అయ్యాక ఆ నీడన కూర్చుని కష్టసుఖాలు చెప్పుకొనే ముసలమ్మలు ఇప్పుడు రోడ్డు దాటి బడి వరండాలో కూర్చుంటున్నారు. మొన్న ఎండాకాలం కూడికలకు పందిరి వేస్తుంటే వారిలో ఒకామె వచ్చి, "అయ్యగారూ, ఈసారి కొమ్మలు ఎవరి చెట్టువి అడుగుదామంటారు?" అన్నది. ఆమె ఎత్తిపొడుపుకు అనలేదు, నిజంగానే అడిగింది. నేను కర్రలు పాతేవాళ్ల వైపు తిరిగి ఏదో పని చెప్పాను.