పెన్నా? అది ఆత్మకూరోళ్లది!

నది ఒరుసుకుని పోయే ఊరు ఒకటి, నది తొంగిచూడని ఊరు ఇంకొకటి. పడమటి నెల్లూరులో నీటి సంగతి బాగా తెలిసింది రెండోదానికే.

బుధవారం పొద్దున్నే ఎడిటర్ గారి ఫోను. ‘‘పెన్నమ్మ మన బతుకుల్ని ఎలా మలిచిందో రాయండి. ముఖచిత్ర కథనం. ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి పట్టుకోండి, అటు ఎవరూ వెళ్లరు. శుక్రవారం సాయంత్రానికల్లా నా టేబుల్ మీద ఉండాలి.’’ సరేనన్నాను. నది మీద ఆదివారం కథనం ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు: పొద్దు పొడుపు ఫొటో, మునిగి లేచే ముత్తైదువ, వల విసిరే జాలరి, ఆ వెనక పచ్చని మడి.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒకాయన గడపలో కూర్చుని ‘‘పెన్న గురించి...’’ అని ఎత్తుకున్నానో లేదో, చేతిలో ఆకురాయి ఆపకుండానే అన్నాడు: ‘‘పెన్నా? అది ఆత్మకూరోళ్లది గదన్నా. మాకేముండాది, కొండా వానా!’’

నా కథనం అక్కడే తిరగబడింది.

ఆయన అన్నది అక్షరాలా నిజం. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వెలిగొండల్ని చీల్చుకుని సోమశిల దగ్గర జిల్లాలో అడుగుపెట్టి, అనంతసాగరం, ఆత్మకూరు, సంగం మీదుగా తూర్పుకి పోతుంది. ఉదయగిరి ఉత్తరాన, ఎత్తున, కొండ కింద ఉండిపోయింది. నీళ్లు పల్లమెరుగు కదా. ఇందులో ఒక వెక్కిరింత కూడా ఉంది. ఆ మెట్టలో పడిన వానను బొగ్గేరు పట్టుకొచ్చి సంగం దగ్గర పెన్నలో పోస్తుంది. ఉదయగిరి వైపు వాళ్లు నదికి నీళ్లిస్తారు కానీ నది నుంచి తీసుకోలేరు.

ఆ మాటకొస్తే పెన్న కూడా నిండుగా పారే నది కాదు. పరీవాహకంలో ఏడాదికి పడే వాన సగటున 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఎండాకాలంలో మా అమ్మమ్మ వాళ్లు ఏట్లో చెలమ తోడేవాళ్లు. మోకాలి లోతు ఇసుక తీసి, ఊరిన మొదటి నీళ్లు బురదగా ఉంటే చిప్పతో ఎత్తిపోసి, తేటపడేదాకా గట్టున కూర్చునేవాళ్లు. బిందె నిండడానికి అరగంట. ఊళ్లో సంగతులన్నీ ఆ అరగంటలోనే చేతులు మారేవి. పెన్న సంస్కృతి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చిప్ప చప్పుడు.

ఇక చరిత్ర, ఒక్క పేరాలో. కటకం గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. ఏడాది దాటాక, 1514లో గానీ కోట దక్కలేదు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించి నిలిపాడు. కొండ మీద నీళ్లు లేనిదే ఏడాదికి పైగా ముట్టడిని తట్టుకుని నిలబడటం అయ్యే పనా? ఇది నా ప్రశ్న, చరిత్రకారులది కాదు. చరిత్ర ఇక్కడితో చాలు, ఎందుకంటే ఇంతకన్నా జీవమున్న కాగితం ఒకటి దొరికింది. కాగితం అంటున్నాను గానీ, అది రాయి.

ఉదయగిరి నుంచి సీతారాంపురం మీదుగా కొండ దాటి అవతలికి దిగితే కడప జిల్లా పోరుమామిళ్ల. అక్కడి భైరవాలయం ముందు నిలిపిన రాతి పలకల మీద శకవర్షం 1291, అంటే క్రీ.శ. 1369 నాటి శాసనం ఉంది. వేయించినవాడు విజయనగరం మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, మరో పేరు భవదూరుడు. రాజ్యపు తూర్పు సీమను ఏలిన ఈయన గద్దె ఉదయగిరి. గద్దె పక్కన నది లేదు. ఇక్కడ మాత్రం చెరువు తవ్వించాడు, దానికి అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. సంస్కృత శ్లోకాల్లో ఉన్న ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో పరిష్కరించినది వి.ఎస్. సుక్తంకర్. తర్వాతి రోజుల్లో పుణెలో మహాభారతం సంశోధిత ప్రతిని నడిపించిన పెద్దాయనే.

శాసనాల్లో మామూలుగా సగం వంశావళి, సగం శాపాలు ఉంటాయి. ఇందులోనూ పొగడ్తలున్నాయి. కానీ నడిమధ్య రాజు గారు పక్కకి తప్పుకుని ఇంజినీరు మాట్లాడతాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలట. ధర్మం, డబ్బు, కీర్తి మీద ఆశ ఉన్న రాజు మొదటివాడు. ఆ వెంటనే పాథశ్శాస్త్రం, అంటే నీటి విద్య, తెలిసిన పండితుడు. తర్వాత గట్టి బంకనేల. మూడు యోజనాల దూరం నుంచి తియ్యని నీళ్లు తెచ్చే ఏరు. ఆ ఏటిని ఆనుకున్న కొండ. ఆ కొండ కొమ్ముల మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట. లోతూ వెడల్పూ ఉన్న గర్భం. దగ్గర్లోనే తిన్నని, పొడవాటి రాళ్లు దొరికే గని... చివరిది, పన్నెండోది, కట్టడం పని తెలిసిన కూలీల జట్టు. రాజుతో మొదలుపెట్టి కూలీతో ముగించిన ఈ జాబితా నాకు తెగ నచ్చింది. ఇప్పటి శంకుస్థాపన ఫలకాల మీద మొదటి అంగం ఒక్కటే కనిపిస్తుంది, అదీ పెద్దక్షరాల్లో.

లెక్కా చెప్పాడు. కట్ట పొడవు, నడుమ కొండలు నాలుగూ కలుపుకుని, అయిదు వేల రేఖాదండాలు (ఆనాటి కొలత). రోజుకి వెయ్యి మంది మనుషులు. తూములకూ కట్టకూ రాళ్లు మోయడానికి వంద బళ్లు. రెండేళ్లలో పూర్తి.

ఆ తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. గర్భం మధ్యలో తాబేటి వీపులా మెరక. నీళ్లు కొంచెం, తడపాల్సిన నేల ఎంతో. నేల కొంచెం, నీళ్లు ఎంతో.

ఈ ఆరింటినీ చేతిలో పట్టుకుని నేను సోమశిల కట్ట ఎక్కాను.

సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. పెన్న ఒక్కటే దీన్ని ఏటేటా నింపుతుందని ఆశ పెట్టుకోలేం, కృష్ణా నీళ్లు తెచ్చి పోయాలి. అంటే అయిదో దోషం ఉంది. 2021 నవంబరులో అదే జలాశయం నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. గేట్ల దిగువన కాంక్రీటు ఆప్రాన్ కోసుకుపోయింది, ఒడ్డున సోమేశ్వరాలయం దెబ్బతింది, కింద పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆరో దోషమూ ఉంది. ఒకదానికొకటి పొసగని రెండు దోషాలు ఒకే చోట కాపురం ఉండగలవని భాస్కరుడు ఊహించి ఉండడు. పెన్న స్వభావమే అది, ఇస్తే వరద, లేకుంటే చెలమ. ఇక మొదటి దోషానికి మించింది. ఆ నెల 19న ఎగువన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్ల మీద పడింది. ప్రాణాలు పోయాయి. దాని గురించి వెటకారం రాయడానికి చెయ్యి రాదు.

మూడోది, సరిహద్దు దోషం. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు చేసుకున్న నదీజలాల ఒడంబడికలో పెన్న పేరూ ఉంది. 1983 తెలుగుగంగ ఒప్పందంతో సోమశిల, కండలేరు మీదుగా కృష్ణా నీళ్లు 1996లో తమిళనాడులోని పూండి చేరాయి. మద్రాసు దాహం తీర్చడంలో తప్పేమీ లేదు. నేను అడుగుతున్నది ఒక్కటే: పొరుగు రాష్ట్రానికి నడిచివెళ్లిన నీళ్లు ఉదయగిరి గట్టు ఎందుకు ఎక్కలేదని.

ఎక్కించడానికి సోమశిల హైలెవల్ కాలువ తలపెట్టారు. రెండు దశలు, ఎత్తిపోతలు, ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలో 90 వేల ఎకరాలు లక్ష్యం. అటు వెలిగొండ ప్రాజెక్టులో నెల్లూరు వాటా 84 వేల ఎకరాలు, దాని జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అంకితం వేరు, నీళ్లు వేరు. దిగువన మాత్రం సంగం బ్యారేజీ 2022 సెప్టెంబరులో తెరుచుకుంది.

పక్క పెట్టె: గరిటె
ఉదయగిరి గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టుపక్కల అడవిలో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. చిన్న రంపం, ఉలి, ఆకురాయి, చివర్లో ఉప్పుకాగితం. నేను కొన్నది జానెడు గరిటె. కాడ చివర ఆకు నగిషీ, గుంట లోపల వేలితో తడిమినా గీత తగలదు. నీళ్లు చాలని నేలలో నిదానంగా పెరిగిన కర్రకు నార గట్టి అన్నది ఆయన మాట.

పక్క పెట్టె: పేర్లలో నీళ్లు, ప్యాకెట్లలో వాహిని
అనంతసాగరం, అనుమసముద్రం. సముద్రానికి ఇంత దూరంలో ఈ పేర్లేమిటంటే, మన వాళ్లకి పెద్ద చెరువే సాగరం. అనుమసముద్రంపేట దర్గాకు అన్ని మతాల వాళ్లూ వస్తారు. కలిగిరి, డి.సి.పల్లిల్లో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. వరికి చాలని నీళ్లు పొగాకుకి చాలుతాయి. ఇంకో వాహిని సంగతీ చెప్పాలి. 1980లలో సారా ప్యాకెట్లను ఊరూరా చేర్చే సర్కారీ పథకానికి పెట్టిన పేరు ‘వారుణి వాహిని’. ఆ ఏరుకి అడ్డుకట్ట వేసింది ఈ మెట్టలోని దూబగుంట ఆడవాళ్లు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ కట్టకు టెండర్లు పిలవలేదు.

ఎడిటర్ గారూ, పొద్దు పొడుపు ఫొటో దొరకలేదు. ముఖచిత్రానికి పోరుమామిళ్ల రాతి పలకలు వేయండి. ఆ పన్నెండు అంగాలనూ ఆరు దోషాలనూ తెలుగులో రాయించి సోమశిల కట్ట మీద ఒక బోర్డు పెట్టమని జలవనరుల శాఖకు మన పత్రిక తరఫున విన్నపం. రాయికి ఖర్చు కూడా అక్కర్లేదు, ఇనుప రేకు చాలు. పాఠకులు ఈలోగా స్వయంగా చూడాలనుకుంటే కొండ దాటి వెళ్లొచ్చు. 1369 నాటి ఆ చెరువు ఇప్పటికీ అక్కడే ఉంది.