మీకు తెలుసా? ముత్తాతను పట్టిచ్చే పుట్టుమచ్చ

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860–1911 మధ్య వలస కూలీలుగా వెళ్లిన 1,52,184 మంది భారతీయులను నమోదు చేసిన ఓడ రిజిస్టర్లలో పేరు, ఊరే కాదు, ఒంటి మీది మచ్చల గుర్తులూ ఉన్నాయి! వీరిలో సుమారు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. వాళ్లలో తెలుగువాళ్లూ ఎక్కువే.

ముత్తాతల ఆచూకీకి ఈ రిజిస్టర్లలో ఇంటిపేరు కోసం వెతికితే మాత్రం నిరాశే. సాధారణంగా కనిపించేది మనిషి పేరు, తండ్రి పేరు, అదీ గుమాస్తా చెవికి వినిపించినట్టుగా. అందుకే వయసు, ఎత్తు, తాలూకా, మచ్చ అన్నీ కలిపి చూసుకోవాలి. ఒక్కొక్కరికీ ఇచ్చిన నంబరు దొరికిందా, సగం పని అయినట్టే: ఏ యజమాని దగ్గర పనికి కుదిరారో దాన్ని పట్టుకునే తెలుసుకోవచ్చు.

ఇక ఊళ్లో చేసిన వృత్తి? కులం గడిని బట్టి ఊహించాల్సిందే, కానీ అది అంత నమ్మదగ్గది కాదు. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి ఓడ ‘ట్రూరో’ జాబితాలో ఆ గడిలో కొందరికి ‘క్రిస్టియన్’ అనీ, మరికొందరికి ‘జెంటూ’ అనీ రాసేశారు. అప్పట్లో మద్రాసు వాడుకలో జెంటూ అంటే తెలుగువాళ్లే!