తెరపై ఎత్తిపోతల

మాచర్ల సమీపమున ఎత్తిపోతల వద్ద చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకును. గాలి నిరోధమును విడిచి లెక్కించిన, నీటిబొట్టు క్రిందికి చేరుటకు 2.1 సెకనులు పట్టును. కంప్యూటరు ఆటలో సెకనుకు 60 చిత్రముల చొప్పున చూపవలెనన్న, ఆ ఒక్క పతనమునకే సుమారు 125 చిత్రములు కావలెను. 1920 నిలువు, 1080 అడ్డు వరుసల తెరపై ఒక్కొక్క చిత్రమునకు 20,73,600 చుక్కలు. గడువు సెకనులో 60వ వంతు!

చుక్కల రంగులను గ్రాఫిక్సు ప్రాసెసరు లెక్కించును. ప్రధాన ప్రాసెసరు కాలమును ఆటకెంత, ఇతర ప్రోగ్రాములకెంత అని పంచునది ఆపరేటింగు సిస్టము. ఎవరు ఆలస్యము చేసినను పాత చిత్రమే నిలిచి, నీరు గాలిలో తడబడును.

వెంటనే క్రొత్త కార్డు కొనుమని ఇంట పట్టుపట్టు విద్యార్థులు కలరు. అది వేల రూపాయల మాట. ముందు ఇతర ప్రోగ్రాములను మూసి చూడవలెను. తడబాటు పోయినచో దోషము కార్డుది కాదు. పోనిచో చుక్కల సంఖ్యను తగ్గించి చూడవలెను. అప్పుడు నీరు సాఫీగా దూకినచో బరువు మోయలేనిది కార్డే.