ఒక ఎరువు లోడు, ఏడు సొసైటీలు: ఇంగ్లాండ్‌లో తోటల సంఘం నడుపుతూ నేను నేర్చుకున్నది



పైన పెట్టిన వీడియోలో ఆరు కుండీలు కనిపిస్తాయి చూడండి. ఆరింట్లోనూ ఒకే రోజు, ఒకే ప్యాకెట్‌లోని చిక్కుడు గింజలు పెట్టాం. మూడు కుండీల్లో మొక్కలు నిటారుగా, ఆకు విచ్చుకుని ఉన్నాయి. మిగతా మూడింట్లో ఆకులు గిన్నెలాగా ముడుచుకుపోయి, కాడ మెలికలు తిరిగి ఉంది. తేడా ఒక్కటే, ఆ మూడింట్లో బయట నుంచి కొన్న పశువుల ఎరువు కలిపాం.

ఈ కుండీల వెనుక మా సంఘం దాదాపు విరిగిపోయే దాకా వచ్చిన ఒక సంగతి ఉంది. ఎరువు బయట కొనేవాళ్ళకీ, రైతు సంఘాలు నడిపేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

రెండున్నర గుంటల సేద్యం

నేను నల్లగొండ జిల్లా వాడిని. ఉద్యోగం మీద ఇంగ్లాండ్ వచ్చి, మధ్య ప్రాంతంలో ఒక చిన్న పట్టణంలో స్థిరపడ్డాను. ఇక్కడి ఇళ్ళకు పెరడు చిన్నది. అందుకని ఊరి కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, కూరగాయలు పండించుకోవడానికి జనానికి భూమి ముక్కలు కౌలుకిస్తుంది. వాటినే అలాట్‌మెంట్లు అంటారు. ఒక్కో ముక్కను ప్లాట్ అంటారు. మన దగ్గర ప్లాట్ అంటే ఇల్లు కట్టుకునే జాగా, ఇక్కడ కూరగాయల మడి!

పాతకాలం నుంచీ పూర్తి ప్లాట్ కొలత పది రాడ్లు. లెక్క వేస్తే 302.5 చదరపు గజాలు. మన లెక్కలో సరిగ్గా రెండున్నర గుంటలు, ఆంధ్ర వైపు చెప్పాలంటే ఆరుంపావు సెంట్లు. ఈ లెక్క తేలిన రోజు నాకు ఇంటికొచ్చినట్టే అనిపించింది.

దీని వెనుక గట్టి చట్టాలే ఉన్నాయి. జనం అడిగితే భూమి చూపించాల్సిన బాధ్యత కౌన్సిళ్ళదేనని 1908 చట్టం చెబుతుంది. అలాట్‌మెంట్ల కోసమే సేకరించిన భూమిని ప్రభుత్వ మంత్రి అనుమతి లేకుండా అమ్మకూడదని 1925 చట్టం. 1950 చట్టం ప్రకారం మామూలుగా ఖాళీ చేయించాలంటే ఏడాది నోటీసు ఇవ్వాలి, ఆ గడువు కూడా పంట కాలం మధ్యలో ముగియకూడదు. కోళ్ళూ కుందేళ్ళూ పెంచుకోవచ్చు, పుంజుకు మాత్రం చోటు లేదు.

నా మడిలో ఆలుగడ్డ, టమాట, చిక్కుడు, మొక్కజొన్న, పాలకూర, కొత్తిమీర వేస్తాను. జీవామృతం కూడా చేస్తాను. ఎకరానికి 200 లీటర్లు కదా, నా మడి ఎకరంలో పదహారో వంతు, పన్నెండున్నర లీటర్లు సరిపోతుంది. దేశీ ఆవు దొరకదు, దగ్గర్లో గడ్డి మేసే ఆవుల పేడే దిక్కు. చలికి మే నెల వచ్చేదాకా డ్రమ్ములో పులుపే ఎక్కదు. పక్క మడి పెద్దాయన రోజూ వచ్చి, "నీ సూప్ అయిందా?" అని అడిగేవాడు.

సంఘం మీద సంఘం

ఒక్కో తోట స్థలానికి ఒక సొసైటీ ఉంటుంది. మా పట్టణంలో ఏడు సొసైటీలు కలిసి ఒక అసోసియేషన్ పెట్టుకున్నాయి. మన మహిళా సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం అయినట్టు అనుకోండి. ఒక్కో సొసైటీ నుంచి ఇద్దరు ప్రతినిధులు వస్తారు. నన్ను కార్యదర్శిని చేశారు. తెలివి చూసి కాదు, ఆ రోజు చెయ్యి ఎత్తింది నేనొక్కడినే!

పని ఏమిటంటారా? కౌన్సిల్‌తో లీజు మాట్లాడాలి. అందరికీ కలిపి బీమా కట్టాలి. విత్తన ఆలుగడ్డలు టోకున తెచ్చి పంచాలి. నీళ్ళ పైపు ఎక్కడో భూమిలో కారితే బిల్లు అందరి నెత్తిన పడుతుంది కాబట్టి, మీటర్ చూస్తూ ఉండాలి. కొత్తగా మడి కావాలన్నవాళ్ళ జాబితా వరుస తప్పకుండా నడపాలి.

అన్నిటికంటే కష్టమైంది బీడు పడ్డ మడులకు ఉత్తరం రాయడం. మడి తీసుకుని సాగు చేయకపోతే వెనక్కి తీసుకోవచ్చు. కానీ కలుపు పెరిగిందంటే సోమరితనమే కానక్కర్లేదు. మోకాలి ఆపరేషన్ కావచ్చు, ఇంట్లో చావు కావచ్చు. అందుకని ముందు ఫోన్ చేస్తాం, తర్వాతే ఉత్తరం. చేతకాకపోతే సగం మడి ఉంచుకుని సగం ఇవ్వమంటాం. చాలామంది ఒప్పుకుంటారు.

జూన్‌లో ముడుచుకున్న ఆకులు

ఆ ఏడు అక్టోబర్‌లో ఎరువు టోకున కొందామని ప్రతిపాదించింది నేనే. ఒక్కొక్కరు బస్తాలు కొంటే ఖరీదు, లోడు తెప్పిస్తే చౌక. ఊరి బయట గుర్రాల శాల ఒకటి చూసి, బాగా మాగిన లద్దె ఎరువు బేరం చేశాను. నాలుగు సొసైటీలు తీసుకున్నాయి. చలికాలమంతా తోపుడు బండ్లతో మోసి మడుల్లో పరిచారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

జూన్ చివర్లో నా టమాటల చిగురు ముడుచుకుంది. ఆకుముడత వైరస్ అనుకుని రెండు మొక్కలు పీకేశాను. వారం తిరిగేసరికి చిక్కుడు కూడా అలాగే అయింది. ఆలుగడ్డ ఆకు సన్నగా దారాల్లా సాగింది. మరునాడు ఇంకో సొసైటీ నుంచి ఫోన్, "మా దగ్గర బీన్స్‌కి ఏదో అయింది."

అప్పుడు మడి గట్టు మీద కూర్చుని నిదానంగా చూశాను. ఎరువు వేసిన చోటే ఉంది. వేయని సాలు పచ్చగా ఉంది. ఎరువు వేసిన చోటే ఉన్నా మొక్కజొన్నకు ఏమీ కాలేదు. నా గుండె జారింది. వైరస్ అయితే ఇలా గీత గీసినట్టు ఆగదు.

అది అమినోపైరాలిడ్ అనే కలుపు మందు రకం లక్షణం. పచ్చిక బీళ్ళలో వెడల్పు ఆకు కలుపు చావడానికి కొడతారు. గడ్డి జాతికి ఏమీ కాదు, అందుకే మొక్కజొన్న బతికింది. ఆ గడ్డిని పశువు తిన్నా మందు కడుపులో విరగదు, పేడలో అలాగే బయటికొస్తుంది. కుప్పలో మాగబెట్టినా నిలిచి ఉంటుంది. టమాట, ఆలుగడ్డ, చిక్కుడు, బఠానీ లాంటివాటికి చాలా కొద్ది మోతాదు చాలు. 2008లో ఈ దేశంలో ఇలాగే ఎంతోమంది తోటలు పోయి, ఆ మందు అమ్మకం కొంతకాలం ఆపేశారు. తర్వాత షరతులతో మళ్ళీ వచ్చింది.

ఎరువిచ్చినాయనను కలిశాను. ఆయన మోసం చేయలేదు. ఆయన పొలంలో ఏ మందూ కొట్టలేదు. ఆ ఏడు మేత తక్కువై ఎండుగడ్డి బయట కొన్నాడు. దాంతో పాటు ఏమొచ్చిందో ఆయనకూ తెలియదు.

దాచాలా, చెప్పాలా?

ఆ రాత్రి కమిటీ కూర్చున్నాం. అందరూ మంచివాళ్ళే, కానీ మాటలు రెండుగా చీలాయి. "వాతావరణం బాగాలేదని ఊరుకుందాం, వచ్చే ఏడు వేరే దగ్గర కొందాం" అన్నారు కొందరు. చెబితే డబ్బు తిరిగి అడుగుతారు. ఉన్న నిధి నీళ్ళ తొట్లు బాగు చేయించడానికి పెట్టుకున్నది. పైగా లీజు మళ్ళీ రాయించుకోవాల్సిన ఏడు, కౌన్సిల్ దగ్గర చెడ్డపేరు వస్తే ఎలా? నిజం చెప్పొద్దూ, ఊరుకుంటే నాకూ సుఖమే. బేరం చేసింది నేనే కదా.

ఇంటికొచ్చి ఊళ్ళో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. అక్క పదేళ్ళకు పైగా గ్రామైక్య సంఘం లెక్కలు రాస్తోంది. అంతా విని ఒక్క మాట అన్నది:

"తమ్మీ, తప్పు జరిగితే సంఘం కూలదు. దాస్తే కూలుతది. నువ్వు గిప్పుడు చెప్పకుంటే, వాళ్ళు గా ఎరువునే ఇంకో మడిల ఏస్తరు. గా పాపం ఎవలది?"

నాకు అదే తట్టలేదు. మేం లెక్క గురించి, పేరు గురించి మాట్లాడుకుంటున్నాం, కుప్పల్లో ఇంకా మిగిలిన ఎరువు సంగతి ఎవరికీ గుర్తు లేదు. చెప్పకపోతే నష్టం అక్కడితో ఆగదు.

తెల్లారేసరికి ఏడు సొసైటీలకూ ఉత్తరం రాశాను. మొదటి వాక్యంలోనే బేరం చేసింది నేనని నా పేరు పెట్టాను. ఏ రోజు వచ్చిన లోడు, ఏ స్థలంలో దింపారు, అంతా రాశాను. మిగిలిన ఎరువు ఎవరూ వాడొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, దెబ్బతిన్న మొక్కల్ని కంపోస్టులో వేయొద్దని చెప్పాను. డబ్బు రెండు విడతల్లో తిరిగిస్తామని, తొట్ల పని ఏడాది వాయిదా పడుతుందని కూడా రాశాను.

తిట్లు పడ్డాయి. పక్క మడి పెద్దాయన ఏటా గ్రామ ప్రదర్శనకు చిక్కుడు పంపేవాడు, ఆ ఏడు ఆయన పందిరి మీద ఒక్క మంచి కాయ లేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. సూప్ సంగతీ అడగలేదు.

వార్షిక సమావేశానికి మాత్రం ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. నన్ను దింపేస్తారనుకున్నాను. డబ్బు వాపసు అక్కర్లేదు, తొట్లే బాగు చేయించండని సగం మంది రాసిచ్చారు. చివర్లో పెద్దాయన లేచి, "వచ్చే ఏడు ఎరువు పరీక్ష ఎవరు చేస్తారు? చిక్కుడు గురించి ఇక్కడ నాకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు. వీడియోలో కుండీలకు నీళ్ళు పోస్తున్న చేతులు ఆయనవే.

చిక్కుడు పరీక్ష ఇలా చేయండి

మనం మందు కొట్టకపోయినా అది మేతలో, పేడలో కూర్చుని మన మడికి రావచ్చు. మన దగ్గర వరిలో, గట్ల మీద 2,4-డి కొడతారు. అది వేరే మందు, దాని నడక వేరు. కానీ పేడ గానీ ఎండుగడ్డి గానీ బయట కొన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "ఈ పశువు తిన్న మేత ఎక్కడిది, దాని మీద ఏం కొట్టారు?" ఆ జవాబుతో పాటు ఈ పరీక్ష కూడా చేయండి:

1. కుప్పలో పైనుంచి కాకుండా, లోపల నాలుగైదు చోట్ల నుంచి ఎరువు తీసి కలపండి.
2. మూడు కుండీల్లో ఎరువు సగం, మంచి మట్టి సగం. మూడు కుండీల్లో ఉత్త మట్టి.
3. ఒక్కో కుండీలో మూడు చిక్కుడు గింజలు. కుండీల కింద విడివిడిగా పళ్ళేలు పెట్టండి, ఒకదాని నీళ్ళు ఇంకోదానికి పోకూడదు.
4. మొలిచాక నాలుగు వారాలు చూడండి. ఉత్త మట్టిలో మొక్క బాగుండి, ఎరువు మొక్క ఆకు గిన్నెలా ముడిస్తే ఆ లోడు వద్దు.

ఇప్పటికే మడిలో వేసి ఉంటే ఎరువును మట్టిలో బాగా కలిపి మళ్ళీ మళ్ళీ తిరగేయండి. మట్టిలోని సూక్ష్మజీవులే దాన్ని మెల్లగా విరగ్గొడతాయి. ఆ ఏడు అక్కడ మొక్కజొన్న వేసుకోండి. మళ్ళీ చిక్కుడు పెట్టి చూశాకే టమాట వేయండి.

ఇక సంఘాలు నడిపేవాళ్ళకు మా రెండు నియమాలు. ఒకటి, ఏ లోడు ఎవరికి వెళ్ళిందో పుస్తకంలో తేదీతో రాయండి. మేం రాసి ఉండబట్టే ఒక్క రోజులో అందర్నీ హెచ్చరించగలిగాం. రెండు, చెడ్డ వార్త మన సభ్యులకు మన నోటి నుంచే ముందు తెలియాలి.

మొన్న మే నెలలో పెద్దాయన మళ్ళీ మా గట్టు దగ్గర ఆగాడు. డ్రమ్ములోకి తొంగి చూసి, "ఈ సూప్‌లో వేసిన పేడ పరీక్ష చేశావా?" అని అడిగాడు. ఆరు కుండీలూ చూపించాను.

మీ దగ్గర ఇలా ఆకులు ముడిచిన అనుభవం ఉంటే, ఎరువు ఎక్కడిదో కూడా కలిపి చెప్పండి. వచ్చే వీడియోలో చలి ప్రాంతంలో జీవామృతం ఎలా పులియబెడుతున్నానో చూపిస్తాను. ఉంటాను మరి, నమస్తే.