బతుకమ్మ పొట్లం

దసరా సెలవులకు ఇంటికి వెళ్లే హాస్టల్ విద్యార్థి చేతిలో సంచి ఉంటుంది గాని, అమ్మమ్మకో చెల్లెలికో ఇవ్వడానికి కానుక ఉండదు. కొనాలంటే డబ్బులుండవు. అయితే దసరానాడు మనం జమ్మి ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టి మొక్కుతాం కదా! ఇచ్చే వస్తువు ఖరీదు కంటే ఇచ్చే మనసు ముఖ్యమని ఆ ఆచారమే చెబుతున్నది. అందుకే కామారెడ్డి, ఎల్లారెడ్డి హాస్టళ్లలోని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రంగుల కాగితపు పొట్లం చేసే పద్ధతిని మేము వివరిస్తున్నాం.

ఒకవైపు తెల్లగా ఉన్న పాత చార్టు, దారం, పెన్సిలు, రంగులు, మైదాపిండి ఉడికించిన లై ఉంటే చాలు. దారం కొసకు పెన్సిలు కట్టి, 10 సెంటీమీటర్ల దూరంలో దారాన్ని చార్టు అంచుపై వేలితో అదిమిపట్టి అర్ధవృత్తం గీయాలి. అదే కేంద్రం నుండి 8, 6, 4 సెంటీమీటర్ల దూరంలో మరో మూడు గీయాలి. ఆ వరుసల్లో తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ రంగులతో పూలు వేయాలి. చిన్నపిల్లలు రంగులు వేస్తే, పెద్దపిల్లలు కత్తిరించాలి. రంగులు బయటకు వచ్చేటట్లు చుట్టి, అంచులను లైతో అతికించాలి. మొన పైకి నిలబెడితే బతుకమ్మ! తిప్పి పట్టుకుంటే పొట్లం!

ఇందులో లెక్క కూడా ఉంది. అర్ధవృత్తపు వంపే పొట్లం మూతి చుట్టుకొలత అవుతుంది. అందువల్ల మూతి వెడల్పు ఇంచుమించు మనం పట్టిన దారం పొడవంత, అంటే 10 సెంటీమీటర్లు వస్తుంది. పుస్తకంలో భయపెట్టే శంకువు పాఠం ఇదే.

ఆరిన పొట్లాన్ని పుస్తకాల మధ్య అణచి ఇంటికి తీసుకెళ్లండి. సద్దుల బతుకమ్మనాడు ఇంట్లో చేసే నువ్వుల పిండి, పల్లీల పిండి అందులో నింపవచ్చు. అయితే పిండిని కాగితంలో నేరుగా పోయవద్దు. సిరా నూనె పదార్థాలలోకి దిగుతుంది. న్యూస్‌పేపర్లో ఆహారం చుట్టడాన్ని 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు కూడా నిషేధించాయి. లోపల కడిగి తుడిచిన మోదుగ ఆకు పరవండి.

చివరగా, పొట్లం మీద తీసుకునేవారి పేరు మీ చేతితో రాయండి. మా ఇండ్లలో చదువు మా తరంతోనే మొదలైంది. రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా తన పేరు కనిపించని అమ్మమ్మకు, ఆ అక్షరాలు వేలితో చూపి చదివి వినిపించండి. పిండి రెండు రోజుల్లో అయిపోతుంది, పేరున్న కాగితాన్ని ఆమె దాచుకుంటుంది.