తిరిగొచ్చేవారికి మెట్లున్నాయా?

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే పులస వచ్చే కాలం వచ్చినట్టే. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న నానుడి తెలియని తెలుగువారు అరుదు. కానీ ఆ చేప మన పళ్లెంలోకి రావడానికి గోదావరికి రాదు. బంగాళాఖాతంలో బతికే ఇలస, వరద నీరు సముద్రంలో కలిసే వేళ గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ఉప్పునీటికి అలవాటు పడిన శరీరాన్ని మంచినీటికి మార్చుకుంటూ, ప్రవాహాన్ని చీల్చుకుంటూ సాగే ఆ ప్రయాణంలోనే ఇలస పులస అవుతుంది. ధవళేశ్వరం చేరేసరికి దాని ముందు బ్యారేజీ అడ్డంగా నిలుస్తుంది. ఇక పైకి దారి లేదు.

1852లో సర్ ఆర్థర్ కాటన్ అక్కడ ఆనకట్ట పూర్తి చేశారు. కరువుతో అల్లాడిన డెల్టా అన్నపూర్ణ అయింది. ఆయన్ను గోదావరి జిల్లాలు నేటికీ కృతజ్ఞతతో తలచుకుంటాయి. ఆ ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ కూడా ఆయన పేరే మోస్తోంది. అది మంచి కట్టడం, లక్షల మందికి అన్నం పెట్టిన కట్టడం. అయినా చేపకు మాత్రం అది గోడే. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అంతకుముందు అలహాబాద్ దాకా ఎదురీదిన ఇలసలు ఎగువన దాదాపు కనిపించకుండా పోయాయి. చేపల్లో తిరిగి రావాలన్న తపన చావలేదు. వాటికి దారే లేకుండా పోయింది.

పసిఫిక్ మహాసముద్రంలోని సాకై సాల్మన్‌ది ఇంకా కఠినమైన ప్రయాణం. ఏటి అడుగున గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి బయటపడి, సాధారణంగా ఏడాది రెండేళ్లు సరస్సులో పెరిగి, రెండు మూడేళ్లు సముద్రంలో తిరిగి, తాను పుట్టిన ఏటినే వెదుక్కుంటూ వస్తుంది. ఆ ఏటి నీటి వాసనే దానికి దారి చూపుతుంది. నదిలో ప్రవేశించాక మేత మానేస్తుంది. వెండిలా మెరిసిన ఒళ్లు ఎర్రబారుతుంది. గుడ్లు పెట్టే పని ముగిశాక అక్కడే ప్రాణం విడుస్తుంది. మన పులస అలా కాదు, గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి వెళ్లగలదు.

కెనడాలోని ఫ్రేజర్ నదిలో హెల్స్ గేట్, అంటే నరకద్వారం, అనే ఇరుకైన చోటు ఉంది. 1914లో రైలుమార్గం పనుల వల్ల అక్కడ కొండరాళ్లు విరిగిపడ్డాయి. నీటి ఉరవడి పెరిగి సాల్మన్లు దాటలేకపోయాయి. 1940లలో అక్కడ చేపల కోసం ప్రత్యేకంగా దారులు కట్టారు. ఉరవడిని తగ్గించి, చేప అలుపు తీర్చుకుంటూ పైకి వెళ్లేలా చేసే ఏర్పాటు అది. ఆనకట్టల దగ్గర ఇలాంటివాటిని చేపల మెట్లంటారు. ఆనకట్టను కూల్చకుండానే చేపకు దారి ఇచ్చే ప్రయత్నమే ఆ మెట్లు.

1992లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, రెడ్‌ఫిష్ సరస్సుకు ఒకే ఒక్క సాకై తిరిగొచ్చింది. సముద్రం నుంచి దాదాపు 1,450 కిలోమీటర్లు ఎదురీది, మెట్లున్న ఎనిమిది ఆనకట్టలు దాటి వచ్చిన మగ చేప అది. ఒక్కటే కదా అని శాస్త్రవేత్తలు దాన్ని వదిలేయలేదు. దాని బీజాన్ని భద్రపరిచి, అంతరించిపోతున్న ఆ జాతిని నిలబెట్టే పనికి వాడారు. 2014లో అక్కడికి 1,500కు పైగా సాకైలు తిరిగొచ్చాయి. తర్వాత కొన్నేళ్లు సంఖ్య మళ్లీ తగ్గినా, ఆ ప్రయత్నం ఆగలేదు. తొంభైతొమ్మిదింటిని విడిచి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్లిన కాపరి మనసు విశ్వాసులకు కొత్త కాదు గదా!

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ దాటి నాదర్‌గుల్ దాకా విస్తరించిన కాలనీల్లో, పల్లె సంఘాన్ని వదిలి బతుకుదెరువుకు వచ్చినవారు ఎందరో. కొందరు పనుల ఒత్తిడిలో, కొందరు అప్పుల్లో, కొందరు తాగుడులో ఆరాధనకు దూరమయ్యారు. ఏదో ఒక ఆదివారం అలాంటివారిలో ఒకరు వచ్చి వెనుక వరుసలో కూర్చుంటారు. చిన్ననాడు విన్న వాక్యమే ఏటి నీటి వాసనలా లాక్కొచ్చి ఉంటుంది. వారికి ఎదురయ్యే మొదటి మాట ఏమిటి? ‘ఇన్నాళ్లూ ఏమయ్యావు?’ అన్న నిలదీతా? ‘రండి, కూర్చోండి’ అన్న పలకరింపా? పులస ఎదురొస్తుందని తెలిసి నదిలో వలలు పరుస్తారు. తిరిగొచ్చిన మనిషి కోసం సంఘంలో గుసగుసల వలలు పరచి ఉంటే అతడు రెండోసారి రాడు.

సంఘానికి క్రమశిక్షణ వద్దని కాదు. కాటన్ ఆనకట్టలా అది ఎందరికో మేలు చేసేదే. కొరింథు సంఘం తప్పు చేసిన ఒకరిని శిక్షించినప్పుడు పౌలు దాన్ని తప్పుపట్టలేదు. అయితే ఇక చాలు, అతన్ని క్షమించి ఆదరించండి, లేకపోతే మితిమీరిన దుఃఖంలో మునిగిపోతాడు అని హెచ్చరించాడు (2 కొరింథీ 2:6-8). ఆనకట్టకు మెట్లు కట్టడమంటే ఇదే. పడినవారిని సాత్వికమైన మనసుతో లేవనెత్తమన్నదీ (గలతీ 6:1) అందుకే.

తప్పిపోయిన కుమారుడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తి వెళ్లి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు (లూకా 15:20). అన్న మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు. అన్న చెప్పిన లెక్కల్లో అబద్ధం లేదు, లేనిదల్లా తమ్ముడికి దారి. చేపను ఏటికి రప్పించేది దేవుడు. ఏటికి అడ్డం కట్టినదీ, దానికి మెట్లు కట్టాల్సిందీ మనమే. ఈ ఆదివారం వెనుక వరుసలో కొత్త ముఖమో, చాలాకాలం తర్వాత కనిపించిన పాత ముఖమో ఉంటే, ఆరాధన ముగిశాక ముందుగా అక్కడికే వెళ్లి పలకరిద్దాం.