చెరువుకట్టపై భూగోళ పాఠము

సిద్దిపేట జిల్లా మద్దూరు మండలములో ఏదేని ఒక చెరువుకట్టపై నిలిచి చూడుడు. ఒక వైపున నీరు, నీటికి ఆవల మెల్లగా ఎత్తెక్కిపోవు ఎర్ర చెల్కలు, వాని వెనుక బండరాళ్ళ గుట్టలు కనిపించును. రెండవ వైపున తూము, కాలువ, వరి పొలములు, వానికి కొంచెము ఎడముగా ఊరు కనిపించును. మొదటి వైపున నున్నది ప్రకృతి చేసిన ఏర్పాటు. రెండవ వైపున నున్నది మానవుడు చేసికొన్న ఏర్పాటు. మీరు నిలిచిన కట్ట ఆ రెండింటిని కలుపుచున్నది.

భూగోళశాస్త్రమును భౌతిక భూగోళమనియు, మానవ భూగోళమనియు రెండు భాగములుగా బోధించుచుందుము. రాయి, మన్ను, వాన, ఎండ మొదటి దానికి చెందును. ఊరు, పంట, బాట, జిల్లా రెండవ దానికి చెందును. విద్యార్థులు ఈ రెండింటిని వేర్వేరు పాఠములుగా చదివి, వాని నడుమ గల సంబంధమును మరచుట కద్దు. ఆ మరపు వలన పరీక్షలో పోవునవి కొన్ని మార్కులు మాత్రమే. కాని ఊరే ఆ సంబంధమును మరచినచో బావులలో నీరు పోవును. అది ఎట్లో చూతము.

ఊరి చిరునామా

మద్దూరు ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశముపైన, 79 డిగ్రీల తూర్పు రేఖాంశముపైన ఉన్నది. నారాయణపేట జిల్లాలో మరియొక మద్దూరు కలదు. రెండు ఊళ్ళకు ఒకే పేరుండవచ్చును గాని, రెండు చోట్లకు ఒకే అక్షాంశ రేఖాంశములు ఉండజాలవు.

అక్షాంశము వలన ఎండ సంగతి తెలియును. ఈ ఊరు కర్కటరేఖకు దక్షిణమున నున్నందున, సూర్యుడు ఏటికి రెండుసార్లు సరిగా నడినెత్తికి వచ్చును. మే నెల రెండవ వారములో ఒకసారి, జూలై ముగిసి ఆగస్టు వచ్చు రోజులలో మరియొకసారి. ఆ దినములలో మిట్టమధ్యాహ్నమున, నిలువుగా నాటిన కర్రకు నీడ కనిపించదు.

రేఖాంశము వలన కాలము తెలియును. మన దేశపు గడియారములన్నియు 82½ డిగ్రీల రేఖాంశమును అనుసరించి నడచును. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. మద్దూరు ఆ రేఖకు మూడున్నర డిగ్రీలు పడమటగా నున్నది. కనుక ఇచ్చట మిట్టమధ్యాహ్నము సగటున 12 గంటల 14 నిమిషములకు అగును. ఋతువును బట్టి ఇది కొన్ని నిమిషములు అటునిటు మారును.

రాయి నుండి మన్ను

ఈ ప్రాంతము దక్కను పీఠభూమిలోనిది. ఇచ్చటి గ్రానైటు, నైసు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. అవి భూగర్భములో ఏర్పడినవి. పైపొరలు యుగములపాటు కోతకు గురియై కొట్టుకొనిపోగా బయటపడినవి. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి రాయి పగులును. పగుళ్ళలో చేరిన నీరు రాతిలోని ఖనిజములను మెల్లగా మార్చును. స్ఫటికపు రేణువులు ఇసుకగా మిగులును. ఫెల్‌స్పారు బంకమన్నగును. రాతిలోని ఇనుము ఆమ్లజనితో కలిసి త్రుప్పుపట్టుటచే నేలకు ఎరుపు వచ్చును.

వాన నీరు మెత్తని మన్నును పల్లమునకు కొనిపోవును. అందుచేత గుట్ట క్రింది చెల్కలో ఇసుకపాలు ఎక్కువ, పల్లములో బంకపాలు ఎక్కువ. చెల్కలో నీరు నిలువదు. అందు జొన్న, కంది, పెసర, ఆముదము వంటి మెట్టపంటలు వేయుదురు. పల్లములో వరి వేయుదురు. తెలంగాణలో చెల్క, పొలము అను రెండు మాటలు వేర్వేరుగా వాడుటకు కారణమిదియే. చెల్కయనిన మెట్టనేల, పొలమనిన వరి పండు నేల. రైతు మాటలోనే భౌతిక భూగోళము ఇమిడియున్నది.

వాన లెక్క

ఈ ప్రాంతమున ఏటికి సుమారు 700 నుండి 800 మిల్లీమీటర్ల వాన కురియును. అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనముల వలన వచ్చును. 750 మిల్లీమీటర్లనుకొని ఒక చిన్న లెక్క వేయుదము.

ఒక వరి పంటకు, నేలలోనికి ఇంకిపోవు దానితో కలిపి, 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొందము. ఒక ఎకరముపై ఏడాది పొడుగున కురిసిన వాన అంతయు పట్టి నిలిపినను ఆ ఎకరమున వరి పండదన్నమాట. పైగా వానలో చాలభాగము ఆవిరియై పోవును, చెట్టుచేమలు పీల్చుకొనును. పదింట ఒక వంతు, అనగా 75 మిల్లీమీటర్లు, నేలపై పారి పల్లమునకు చేరుననుకొనుడు. 1,200ను 75చే భాగించిన 16 వచ్చును. పదునారు ఎకరములపై పారిన వాన ఒకచోట చేరినగాని ఒక ఎకరము వరికి చాలదు.

నది చెంత నున్న ఊరికి ఈ చిక్కు లేదు. ఉత్తరమున మానేరు గోదావరిలో కలియును, దక్షిణమున మూసీ కృష్ణలో కలియును. ఈ రెండు పరీవాహక ప్రాంతములను విడదీయు ఎత్తైన నేల సిద్దిపేట, జనగామ ప్రాంతముల మీదుగా పోవుచున్నది. ఎత్తున నున్నవారికి పెద్ద నది అందదు. వాగులు, ఒర్రెలు వానకాలమున పారి తరువాత ఎండిపోవును.

చెరువు

పై లెక్కకు మన పూర్వులు కనుగొన్న సమాధానమే చెరువు. పలు ఎకరముల వానను ఒకచోట నిలిపి కొన్ని ఎకరములకు పంచు ఏర్పాటది. పల్లము ఇరుకైన చోట, వీలైనచో రెండు గుట్టల నడుమ, కట్ట వేసిరి. నీరు విడుచుటకు తూము, మిక్కుటమైన నీరు పోవుటకు మత్తడి ఏర్పరచిరి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు చేరును. వీనినే గొలుసుకట్టు చెరువులందురు. కాకతీయుల కాలమున ఈ విద్య మిక్కిలి వృద్ధిపొందెను. ములుగు సమీపమున రామప్ప చెరువు, నర్సంపేట సమీపమున పాకాల చెరువు నేటికిని ఆ నేర్పునకు సాక్ష్యములు.

కట్ట ఒక్కటే చెరువును నిలుపదు. నీరు పంచుటకు నీరటి ఉండెను. ఎవరి మడికి ఎప్పుడు నీరు పారవలెనో కట్టుబాట్లుండెను. ఏటేట పూడిక తీసి చెల్కలకు తోలుకొనెడివారు. ఆ ఒండ్రు ఇసుకనేలకు తేమ నిలుపు శక్తినిచ్చును. ఈ కట్టుబాట్లు సడలినచోట చెరువులు పూడినవి. 2015లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన మిషన్ కాకతీయ పథకమున పూడికతీత ప్రధాన కార్యము.

ఊరు కూడ నేలను చూచి వెలసినదే. నీటికి దగ్గరగాను, ముంపునకు దూరముగాను, కొంచెము మెరకపై ఇండ్లు కట్టుకొందురు. ఎత్తునకు మరియొక ఉపయోగము కలదు. సమీపమున గల వీర బైరాన్‌పల్లి ప్రజలు రజాకార్ల రాకను కనిపెట్టుటకు ఊరి బురుజుపై కాపలా కాసిరి. 1948 ఆగస్టు 27న జరిగిన దాడిలో అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ బురుజు నేటికిని చరిత్ర చెప్పుచున్నది.

బావి, బోరు

నీటిని నిలుపునది చెరువు ఒక్కటే కాదు. శిథిలమైన రాతిపొర స్పంజివలె నీరు పట్టియుంచును. ఈ పొర సాధారణముగా 10 నుండి 20 మీటర్ల లోతు వరకే యుండును. వెనుకటి మోటబావులు దీనిలోనివే. దీని క్రింద గట్టిరాయి. అందు పగుళ్ళున్నచోట మాత్రమే నీరుండును. లోతునకు పోయినకొలది పగుళ్ళు తగ్గును.

ఇచ్చట మరియొక లెక్క. కురిసిన వానలో ఇంకొక పదవ వంతు, అనగా 75 మిల్లీమీటర్లు, భూమిలోనికి ఇంకుననుకొందము. ఆ పొరలో నూటికి రెండున్నర పాళ్ళు మాత్రమే తోడుటకు వీలగు నీరుండుననుకొందము. అప్పుడు నీటిమట్టము ఏటికి 3 మీటర్లు పైకి వచ్చును. అంతకు మించి తోడినచో మరుసటి యేడు బావి ఎండుట తప్పదు.

మోటకొట్టు ఎద్దులకు అలుపు కలదు. విద్యుత్తు మోటారుకు అలుపు లేదు. నీరు దొరకని రైతు ఇంకను లోతుగా బోరు వేయును, దానికి అప్పు చేయును. బోరు పైపొరలోని నీటిని తోడును గాని కొత్త నీటిని పుట్టింపదు. రాతిని గూర్చిన ఒక పాఠము తెలియకపోవుటచే కుటుంబములు అప్పుల పాలైనవి. ఇక్కడ భౌతిక భూగోళము, మానవ భూగోళము వేర్వేరని ఎవరనగలరు?

నేడు దేవాదుల ఎత్తిపోతల పథకము ద్వారా గోదావరి నీటిని ఈ మెరకకు ఎక్కించుచున్నారు. అది ఉపకారమే. ఐనను నీటిని ఎత్తునకు చేర్చుటకు విద్యుత్తు ఖర్చగును. మన నేలపై కురిసిన వాన మాత్రము ఖర్చు లేకయే వచ్చును. దానిని పోనిచ్చి దూరపు నీటికై ఎదురుచూచుట తెలివి కాదు.

గీతలు మారును, నేల మారదు

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మద్దూరు వరంగల్ జిల్లా నుండి సిద్దిపేట జిల్లాకు మారినది. పటముపై గీత మారినది గాని వాగు దారి మారలేదు. మానవుడు గీసిన గీతకు, నీరు గీసిన గీతకు గల ఈ భేదమును పటము ఎదుట పెట్టి చెప్పినచో బాలురు, బాలికలు సులభముగా గ్రహింతురు.

ఉపాధ్యాయులు ఈ పనులు చేయింపవచ్చును. పాఠశాల ఆవరణలో కర్ర నాటి, దాని నీడ అతి పొట్టిగా నుండు సమయమును వ్రాయింపుడు. గుట్ట మన్ను, చెల్క మన్ను, పొలము మన్ను మూడు గాజుపాత్రలలో నీటితో కలిపి, ఏది ముందు తేరుకొనునో చూపుడు. ఊరి పటము గీయించి, వాన నీరు పారు దిక్కును బాణపు గుర్తులతో పెట్టింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక వాడుక బావిని ఎన్నుకొని, నెలకొకసారి పెద్దల సమక్షమున త్రాడు దించి నీటిమట్టము కొలిచి పాఠశాల గోడపై వ్రాయింపుడు. రెండు మూడేండ్లు గడచునప్పటికి ఆ గోడమీది అంకెలను చూచి, వచ్చు యాసంగికి ఎంత వరి వేయవచ్చునో ఊరిపెద్దలు నిర్ణయించుకొనగలరు.